దక్షిణాఫ్రికా చిత్రకారులు – నాలుగవ భాగము: వానకాలపు కేపునగరమును చూచినవాడు

గత సంచికలో మనము టామస్ బౌలరును టామస్ బేన్సును చూచితిమి. ఆ యిరువురును ఆఫ్రికా దక్షిణాగ్రమును ఇంగ్లండులోని వారికి చూపవలెనను తలంపుతో కుంచె పట్టినవారు. అందుచేత వారి చిత్రములలో శిఖరమునకు బదులు బల్లపరుపుగా నుండు టేబిల్ పర్వతమును, దాని పాదమున నౌకాశ్రయమును, అందు తెరచాపలెత్తిన ఓడలును ఒక్క చూపున నిలుచును. చూచువాడు దూరమున, ఎత్తున, నిర్మలమైన పగటివేళ నిలిచియుండును. అది యాత్రికుని దృష్టి. ఒక దేశమును మఱియొక దేశమునకు వర్ణించి చెప్పుటకై చూచు దృష్టి. ఇరువదవ శతాబ్దారంభమున ఆ దృష్టి మారినది. మార్చినవారిలో మొదట చెప్పదగినవాడు కేపునగరమున పుట్టినవాడు కాడు. అక్కడ గడపిన కాలమంతయు కూడినను ఐదేండ్లకు మించదు. పర్వతమునకు వీపు త్రిప్పి, వానలో తడిసిన యొక గోడను, దాని ప్రక్కన ఆకురాల్చిన యొక ఓక్ చెట్టును చూచి, చిత్రమునకు ఇంతకంటె కావలసినదేమి యని అక్కడనే కూర్చుండిపోయిన ఆ డచ్చివాని పేరు పీటర్ వెనింగ్.

వెనింగ్ 1873 వ సంవత్సరమున హాలండులోని హేగ్ నగరమున జన్మించెను. అప్పటికి ఆ నగరము చిత్రకళకు ముఖ్యస్థానమై యుండెను. యోసెఫ్ ఇజ్రాయెల్స్, ఆంటన్ మావె, వైసెన్‌బ్రుఖ్, మారిస్ సోదరులు మున్నగువారు అక్కడ చేరి, సముద్రతీరమును, పల్లపు పొలములను, కాలువగట్లను, పశువులను చిత్రించుచుండిరి. వారి పటములలో ఆకాశమే సగమునకు పైగా ఆక్రమించుటయు, ఆ యాకాశము ఎల్లపుడును మబ్బుపట్టియుండుటయు చూచి కొందఱు వారిది ధూసర సంప్రదాయమని పేరు పెట్టిరి. బూడిదరంగనునది రంగు లేకపోవుట కాదనియు, నీలమును, ఆకుపచ్చయు, గోధుమవన్నెయు తమ తమ గర్వమును కొంత విడిచి ఒకదానిలో నొకటి కలసిపోవుటయే ఆ ధూసరమనియు లోకమునకు చూపినవారు వీరు. వెనింగ్ ఎనిమిది, తొమ్మిదేండ్ల బాలుడుగా ఆ వీధులలో తిరుగుచున్న దినములలో, అప్పటికింకను ఎవరును ఎఱుగని విన్సెంట్ వాన్ గో అను యువకుడు అదే నగరమున మావె వద్ద తైలవర్ణములు కలుపుట నేర్చుకొనుచుండెను. వారొకరినొకరు చూచినట్లు చెప్పుటకు ఏ యాధారమును లేదు గాని, ఇరువురును ఒకే మబ్బు క్రింద పెరిగిన చేతులవారని చెప్పుట తప్పు కాదు. వెనింగ్ క్రమముగా కళాశాలలో చదివినవాడు కాడు. చూచి నేర్చెను, చేసి నేర్చెను.

1905 లో, ముప్పదిరెండేండ్ల వయసున, ఆయన దక్షిణాఫ్రికాకు వచ్చి ప్రిటోరియాలో దిగెను. బోయరు యుద్ధము ముగిసి మూడేండ్లే యయినది. బోయరు గణతంత్రము రాజధానిగా నుండిన ఆ నగరము ఇప్పుడు ఇంగ్లీషువారి పాలనలో నుండినను, డచ్చి పుస్తకములకును డచ్చి భాషకును అక్కడ ఆదరణ తగ్గలేదు. వెనింగ్ డి బుస్సీ యను పుస్తకవిక్రేతల దుకాణమున ఉద్యోగమునకు కుదిరెను. పగలంతయు అంగడి పని. కుంచె పట్టుట కేవలము విరామవేళల మాట. అయినను ఆ యూరిలో కళాభిరుచి గలవారు లేకపోలేదు. రోటర్‌డామ్ నుండి వచ్చిన ఫ్రాన్స్ ఉర్డర్, శిల్పి ఆంటన్ వాన్ వవ్, అప్పటికి ఇరువదేండ్ల ప్రాయములోనున్న హెండ్రిక్ పియర్నేఫ్ మొదలగువారితో ఆయనకు పరిచయము గలిగినది. రాగిరేకుపై ఆమ్లముతో గీతలను కొఱికించి కాగితముపై అచ్చొత్తు ఎచ్చింగు విద్య ఆ దేశమున వేళ్లూనుటకు తోడ్పడిన తొలి తరమువారిలో వెనింగ్ ఒకడు.

కాని ప్రిటోరియా ఆయన కన్నులకు అనుకూలము కాలేదు. సముద్రమట్టమునకు చాల ఎత్తున నున్న ఆ పీఠభూమిలో శీతకాలము పొడిగాలితో గడచును; వేసవిలో సాయంకాలపు ఉరుములతో వాన వచ్చి, కురిసి, మాయమగును; తక్కిన దినమంతయు ఎండయే. ఆ యెండలో వస్తువుల అంచులు కత్తివలె నుండును, నీడలు నల్లగా నుండును. పియర్నేఫ్ వంటివాడు ఆ కాఠిన్యమునే తన బలముగా చేసికొని, ఆ మేఘములను గోపురములవలె నిలిపి, జోహాన్నెస్‌బర్గు రైలుస్టేషనుకై పెద్ద పెద్ద ఫలకములు చిత్రించెను. హేగ్ నగరపు తేమలో కన్ను తెఱచిన వెనింగ్ అట్లు చేయగలవాడు కాడు. ఆయనకు కావలసినది నీరు. భూమిలో కాదు, గాలిలో.

ఆ నీటిని ఆయనకు చూపినవాడు డేనియల్ కార్నీలిస్ బూన్‌జాయర్. ఈయన చరిత్ర వేరుగా వ్రాయదగినంత విచిత్రమైనది. 1865 లో జన్మించిన ఈయన కేపునగరమున వ్యంగ్య చిత్రకారుడుగా పేరు గడించి, 1915 లో స్థాపితమైన డచ్చి భాషా దినపత్రిక ‘డి బర్గర్’కు మొదటినుండియు బొమ్మలు గీసి, దేశ రాజకీయములలో కుంచెకు గల శక్తిని నిరూపించినవాడు. నాటకములన్న ప్రాణము. 1903 లో లండన్ నుండి వచ్చిన యొక సంగీత ప్రహసనములోని ధనికపాత్రను తీసికొని, దానికి పెద్దపొట్టయు, చుట్టయు, వజ్రపుటుంగరములును తగిలించి, బంగారుగనుల యజమానులకు ప్రతిరూపముగా ‘హొగ్గెన్‌హైమర్’ అను బొమ్మను సృష్టించెను. ఆ బొమ్మ దేశమంతట వ్యాపించినది. దానిలో యూదు జాతిపై ద్వేషచ్ఛాయ స్పష్టముగా గలదని చరిత్రకారులు చెప్పుదురు, అది నిజమే. అయినను అదే బూన్‌జాయర్‌కు మిక్కిలి ఆప్తుడైన మిత్రులలో నొకడు 1915 లో లిథువేనియానుండి వచ్చిన యూదు శిల్పి మోజెస్ కోట్లర్. పత్రికలో జాతిని అపహసించు చేయియే ఇంటిలో ఆ జాతివానికి అన్నము పెట్టుట మనుష్య స్వభావమునకు క్రొత్త కాదు. దానిని సమర్థించుట నా యుద్దేశము కాదు.

బూన్‌జాయర్‌కు చిత్రకళపై నిశ్చితాభిప్రాయములు మెండు. నగరమున పేరుమోసిన చిత్రకారులలో పెక్కురు ఆయన దృష్టిలో కళాకారులే కారు. వెనింగ్ పటములు చూచినది మొదలు, ఈ దేశమునకు కావలసినవాడు ఇతడేయని ఆయనకు తోచినది. తాను ధనికుడు కాడు. అయినను మిత్రులను కూడగట్టి, అందఱిచేతను ధనసహాయము చేయించి, 1916 లో వెనింగును ప్రిటోరియానుండి కేపునగరమునకు రప్పించెను. అంగడి బాధ్యత లేక, పగటివేళ, కొన్ని నెలలపాటు కేవలము చిత్రములే వ్రాయు భాగ్యము ఆయనకు జీవితమున అదియే మొదటిసారి. అప్పటికి నలువది రెండేండ్లు నిండినవి.

ఇక్కడ ఆ నగరపు ఋతువులను గూర్చి కొంత చెప్పవలెను. అది దక్షిణార్ధగోళమగుటచే జూన్, జూలై, ఆగస్టు మాసములు అక్కడ శీతకాలము. దక్షిణాఫ్రికాలో తక్కిన చోట్ల పెక్కింట వేసవిలో వానలు కురియగా, కేపునగరమున మాత్రము శీతకాలమున కురియును. వాయవ్యమునుండి వచ్చు తుపానుగాలులు సముద్రపు మబ్బును తెచ్చి పర్వతమునకు మోపును. ఆ పర్వతపు తూర్పువాలున న్యూలాండ్స్, క్లేర్‌మాంట్, బిషప్స్‌కోర్ట్ అను శివార్లు గలవు. దేశమంతటిలో మిక్కిలి వానకురియు నివాసస్థలములలో న్యూలాండ్స్ ఒకటి. కొన్ని మైళ్ల దూరమున నౌకాశ్రయము వద్ద కురియు వానకంటె అక్కడిది చాల అధికము. పదునేడవ శతాబ్దమున డచ్చి గవర్నరులు ఐరోపానుండి తెచ్చి నాటించిన ఓక్ చెట్లు అక్కడ మహావృక్షములై యుండెను. కేపులోని స్వదేశీయ వృక్షములు చాలవఱకు నిత్యము పచ్చగా నుండునవి గాన, ఆకు రాల్చి కొమ్మలు మాత్రము మిగుల్చుకొను ఈ విదేశీ వృక్షమే ఆ శీతకాలమునకు ఆకృతి నిచ్చును. హేగ్ నగరమున పుట్టిన కన్నునకు ఇంతకంటె ఇంపైన దేమి యుండును? చిత్రమేమనగా, ఆఫ్రికాను తొలిసారి ఆఫ్రికాగా చూచినాడని పిమ్మట కీర్తింపబడిన వాడు, నిజమునకు ఆఫ్రికాలో హాలండు మిగిలియున్న మూలను వెదకుకొనెను. ఈ మాట ఆయన కీర్తిని తగ్గింపదు. ఎవ్వడును శూన్యమైన కంటితో చూడడు. వెంట తెచ్చుకొన్న జ్ఞాపకమును ఎదుటనున్న వస్తువు ఎంతవరకు సవరించినదనునదియే విచారింపదగినది.

ఆ సవరణ ఎట్టిదో చూతము. హేగ్ చిత్రకారులు ఆకాశమును విస్తారముగా నిలిపిరి. వెనింగ్ ఆకాశమును దాదాపు మూసివైచెను. కేపులో పర్వతము మీదికి వచ్చి నిలిచియుండును, చెట్లు దట్టముగా నుండును, ఇండ్లు గోడకు గోడ చేరియుండును. కావున ఆయన చిత్రములలో చూపు పాఱిపోవుటకు త్రోవ యుండదు, దగ్గఱలోనే తిరుగాడవలెను. పటములు చిన్నవి, పెట్టెలో ఇమిడి, చంకన పెట్టుకొని పోదగినంతవి. వాన వెలిసిన వెంటనే, ఒక్కొక్కపుడు వానలోనే, ఆరుబయట కూర్చుండి, రంగు ఆరకమునుపే దానిపై మఱియొక రంగును వేసి, ఒకే కూర్చుండుటలో ముగించుట ఆయనకు వాడుక. గోడల అంచులను, చెట్ల కాండములను ముదురు గోధుమవన్నె గీతతో దిద్ది, ఆ గీతల నడుమ బూడిదవన్నె కలసిన ఆకుపచ్చలను, మట్టిపసుపులను, నానిన సున్నపు తెల్లదనమును నింపెడివాడు. ఆ గీతయే ఆయనను హేగ్ సంప్రదాయమునుండి వేరుచేయుచున్నది. అది ఎక్కడినుండి వచ్చినదనగా, జపాను దేశపు చెక్కముద్రణ చిత్రములనుండి. వెనింగ్ ఆ చిత్రములను మక్కువతో సేకరించెడివాడు. పటముపై తన సంతకమును సైతము ఆ దేశపు ముద్ర ననుకరించి, అక్షరములను నిలువుగా పేర్చి వ్రాసిన సందర్భములు గలవు. డచ్చివాని తడి, జపానువాని గీత, కేపువారి గోడ, ఈ మూడును ఒకచోట కలిసినవి.

ఆయన నిశ్చల వస్తుచిత్రములను గూర్చి విమర్శకులు తక్కువగా మాటాడుదురు. నా మట్టుకు అవి ప్రకృతి దృశ్యములకు ఏమాత్రమును తీసిపోవు. వాన విడువని దినములలో ఇంటిలోనే యుండక తప్పదు. అపుడు ఒక ప్రాచ్యదేశపు కుండ, ఒక పాత్రలో కొన్ని పూలు, కొన్ని పండ్లు, వెనుక ముదురువన్నె తెర, ఇంతే సామగ్రి. పూలను చిత్రించునపుడు సామాన్యముగా చిత్రకారులు వాటి రంగునకు లోబడుదురు. వెనింగ్ పూలనుగూడ వానలోని గోడలనువలెనే చూచెను: వాటి బరువును, అవి కుండ అంచుపై వాలిన తీరును, వెనుకనున్న చీకటి వాటిలోనికి ఎంత చొచ్చినదనుదానిని. కుండ మెఱుపు ఒక్క తెల్లని చుక్క. ఆ చుక్క లేనిచో పటమంతయు మట్టిలో కలిసిపోవును, ఉండుటచే నిలిచినది. బయట వెలుతురులో తొందరపడి చేసిన దానికంటె ఇక్కడ చేయి నెమ్మదించినది. ఆయన ఇంకను పదేండ్లు బ్రతికియుండినచో ఈ త్రోవనే చాల దూరము పోయియుండెడివాడని నేను తలంతును.

ఆయన తఱచుగా చిత్రించిన స్థలములలో నొకటి, సిగ్నల్ హిల్ అను కొండవాలున నున్న మలయువారి పేట. దీనినిపుడు బో-కాప్ అందురు. నేడు ఆ పేట ఛాయాచిత్రములలో గులాబి, పసుపు, ఆకుపచ్చ రంగుల గోడలతో మెఱయుచుండును. అది అటు పిమ్మట వచ్చిన వేషము. వెనింగ్ నాటికి అవి సున్నముపూసిన తెల్లగోడలు, వానచారలు పడినవి. మలయువారని పేరు గలిగినను అక్కడివారి పూర్వులందఱును మలయదేశమువారు కారు. డచ్చి ఈస్టిండియా కంపెనీవారు 1658 మొదలుకొని నూఱేండ్లకు పైగా కేపునకు బానిసలను తెచ్చిరి. జావా, సెలబిస్, మడగాస్కరు, మొజాంబిక్కులనుండియే కాక, వంగదేశమునుండి, మలబారునుండి, మన కోరమాండలు తీరమునుండియు తెచ్చిరి. ఆ తీరమున కంపెనీకి చాలకాలము ప్రధానస్థానము పులికాటు. మచిలీపట్టణమునను వారికి వర్తకస్థానము గలదు. కేపునగరపు పాతదస్తరములలో బానిసల పేర్ల చివర వంశనామమునకు బదులు ‘కోరమాండలు వాడు’, ‘బెంగాలు వాడు’ అని వచ్చిన తీరము పేరే వ్రాసియుండును. తెలుగు పాఠకునకు దక్షిణాఫ్రికా యనగానే 1860 తరువాత మద్రాసునుండి ఓడలెక్కి నేటాలు చెఱకుతోటలకు పోయిన మన కూలీలు స్ఫురింతురు. దానికి రెండు శతాబ్దములకు ముందే, ఏ ఒప్పందమును లేక, మన తీరమునుండి కొందఱు ఆ ఖండమును చేరిరి. వెనింగ్ చిత్రించిన తెల్లగోడల వెనుక నివసించినవారిలో వారి సంతతియు నున్నది. ఆయన వారిని చిత్రించెనా? చిత్రించెను, మెట్లపై నిలిచిన యొక చిన్న మచ్చగా, ముఖము లేక, గోడకు పరిమాణము తెలియుటకు కావలసినంత మాత్రమే.

మొదటి ప్రయాణము ఫలించినది. వెనింగ్ మరల మరల కేపునకు వచ్చెను. బూన్‌జాయర్ తాను కొనుటయే గాక, పరిచయస్థులచే కొనిపించెను, ఏ పటము మేలైనదో, ఏది కాదో ముఖముననే చెప్పెను, దినచర్యలో వ్రాసికొనెను. కోట్లరును వీరితో చేరగా మువ్వురును నిత్యము కలిసికొనుచు, కళను గూర్చి వాదించుచు కాలము గడపుచుండిరి. ఆ దినచర్యలు నేడును గ్రంథాలయమున భద్రముగా నున్నందుననే వెనింగ్ జీవితము మనకీ మాత్రము తెలిసినది. పోషకుని ప్రేమ బరువైనది. ఇంతటి నిశ్చితాభిప్రాయములు గల మిత్రుని నీడలో పనిచేయువాడు ఒక్కొక్కపుడు ఊపిరాడక యుండుటయు సహజమే. అయినను ఆ నీడ లేనిచో ఆ చిత్రములు లేవు. చిత్రములమ్మి జీవించుట ఆ దేశమున అప్పటికి ఎవరికిని సుసాధ్యము కాదు. ఆయనకు బీదరికము తప్పలేదు. ఆరోగ్యమును క్రమముగా క్షీణించినది. 1921 జనవరిలో, నలువదియేడేండ్ల వయసున, ఆయన ప్రిటోరియాలో మరణించెను. ఆయన పటములకు గొప్ప వెలలు పలుకుట, వాటికి నకిలీలు పుట్టుట, అదంతయు ఆ తరువాతి మాట.

ఇంతటితో ఈ భాగమును ముగింపవచ్చును గాని, న్యూలాండ్స్‌లో బూన్‌జాయర్ ఇంట 1909 లో పుట్టిన గ్రెగ్వార్ అను బాలుని విడిచిపోరాదు. వెనింగ్ పెట్టె తెఱచి రంగులు కలుపుచుండగా దగ్గఱ నిలిచి చూచినది ఆ పిల్లవాడే. వెనింగ్ పోవునాటికి వానికి పదునొకండేండ్లు. తండ్రికి కళాశాలలన్న గిట్టదు. కుమారుడు పాఠశాలలో చేరి కళ నేర్చుట ఆయన కిష్టము లేదు. ఇంటికి వచ్చిపోవు చిత్రకారులే గురువులు, గోడలపై వ్రేలాడు వెనింగ్ పటములే పాఠములు. ఇట్టి చదువులో లాభమెంతయో నష్టమును అంతే. పదునాలుగేండ్లకే పటములు వ్రాయగలిగిన ఆ కుఱ్ఱవాడు, ఇరువదియైదేండ్లు వచ్చిన పిమ్మట తండ్రి అభిప్రాయములు తనకు గోడలైనవని గ్రహించి, 1930 ల నడుమ లండనుకు పోయి హెదర్లీ కళాశాలలో చేరి, అక్కడ క్రమశిక్షణయు, సమకాలిక ఐరోపా చిత్రములును చూచి, 1937 లో తిరిగి వచ్చెను.

వచ్చిన మరుసటి యేట, 1938 లో, తన యీడువారిని కొందఱిని చేర్చి ‘న్యూ గ్రూప్’ అను సంఘమును స్థాపించెను. టెరెన్స్ మెకావ్, ఫ్రీడా లాక్, వాల్టర్ బాటిస్, శిల్పి లిప్పీ లిప్షిట్స్, అలెక్సిస్ ప్రెలర్ మొదలగువారును, వారికంటె పెద్దలైన ఇర్మా స్టెర్న్, మాగీ లౌబ్‌షర్ అను స్త్రీలును అందు చేరిరి. వీరికి సిద్ధాంతమొకటి లేదు. ఒకరి చిత్రమునకు ఇంకొకరి చిత్రమునకు పోలిక లేదు. వీరిని కలిపినది వ్యతిరేకత. నగరమున కళాధికారమంతయు కొలదిమంది చేతులలో నుండెను. వారిలో ముఖ్యుడు, పిమ్మట జాతీయ చిత్రశాలకు అధ్యక్షుడైన ఎడ్వర్డ్ రోవర్త్, ఆధునిక కళను బహిరంగముగా నిరసించినవాడు. న్యూ గ్రూప్‌వారు ప్రదర్శనములు జరిపిరి, వాటిని ఊరూరికి త్రిప్పిరి, చిత్రకారుడు ఉద్యోగము లేక చిత్రములపైననే జీవింపగలుగు స్థితి కల్పింప యత్నించిరి. మొదటి పదేండ్లు గ్రెగ్వార్ అధ్యక్షుడుగా నుండెను. వెనింగ్ పడిన బాధ కనులార చూచినవాడు చేసిన పని యిది యని తలంచినచో దీని యర్థము తెలియును. 1949 లో ఆయనయు లిప్షిట్సును కలిసి వెనింగ్‌ను గూర్చి గ్రంథము ప్రకటించిరి. అట్లు ఆ మఱుగుపడిన పేరు మరల వినవచ్చినది. తన కాలమును తనకై వెచ్చించుకొను చిత్రకారులే అధికముగా నుండు లోకమున, చనిపోయిన గురువునకై ఇంత శ్రమించుట గొప్ప గుణము.

చిత్రకారుడుగా గ్రెగ్వార్ వెనింగ్ అంతటివాడని నేననను. ఆయన తొంబదియైదేండ్లు జీవించెను, చివరివఱకు చిత్రించెను, మిక్కిలి యెక్కువగా చిత్రించెను. ఆకురాల్చిన ఓక్ చెట్లు, తెల్లగోడలు, వంకర వీధులు, కుండలో పూలు. గురువు కష్టపడి కనుగొన్న విషయములు శిష్యునకు సులభములైనవి, సులభమైనది మాటిమాటికి వచ్చినది. గీతలో బలము గలదు, రంగులో చవి గలదు, ఆశ్చర్యము తక్కువ. కాని ఆయన విడువక చిత్రించిన యొక స్థలము, చిత్రకళావిమర్శకు లొంగని వేఱొక విలువను ఆ పటములకు ఇచ్చినది. అదియే డిస్ట్రిక్ట్ సిక్స్.

1867 లో నగరపాలక సంఘమువారు ఆఱవ విభాగమని పేరుపెట్టిన ఆ పేటలో, విముక్తులైన బానిసల సంతతివారు, చేతిపనులవారు, ఓడరేవు కూలీలు, యూదులు, భారతీయులు, నల్లవారు, కొందఱు తెల్లవారును కలసి నివసించుచుండిరి. హానోవర్ వీధి దానికి వెన్నెముక. 1950 లో జాతులవారీగా నివాసస్థలములను వేఱుచేయు శాసనము వచ్చినది. 1966 ఫిబ్రవరి 11 వ తేదీన ప్రభుత్వమువారు ఆ పేట తెల్లవారికి మాత్రమేయని ప్రకటించిరి. తరువాతి పదునైదేండ్లకు పైగా, అఱువది వేలకు మించిన జనమును అక్కడినుండి లేవదీసి, గాలియు ఇసుకయు తప్ప మఱేమియు లేని కేపు మైదానమునకు పంపిరి. ఇండ్లను యంత్రములతో నేలమట్టము చేసిరి. ఆలయములను మసీదులను మాత్రము ముట్టలేదు. ఖాళీయైన ఆ నేలపై తెల్లవారును ఇండ్లు కట్టుకొనలేదు, చాలభాగము పడియున్నది.

గ్రెగ్వార్ చిత్రించిన మెట్లు, వసారాలు, మూలమలుపులు పెక్కు ఇప్పుడు పటములలోనే కలవు. ఆయన వాటిని దస్తావేజులుగా తలంచి వ్రాయలేదు. అందముగా నున్నవని వ్రాసెను. ఇక్కడనే ఆక్షేపణ పుట్టును. పేదరికపు గోడకు పడిన బీటను చూచి రంగు చక్కగా నున్నదనువాడు ఆ యింటిలోని వారికి ఏమి చేసినట్లు? ఆ యింటిలోనివారు ఆ గోడకు సున్నము వేయింపలేకపోవుటచేతనే గదా ఆ వన్నె వచ్చినది? ఈ ప్రశ్న న్యాయమైనదే. వెనింగ్‌కును గ్రెగ్వార్‌కును ఇది సమానముగా తగులును. ఇరువురును శివారునుండి పెట్టెతో వచ్చి, సాయంకాలమునకు తిరిగిపోయినవారు. అయినను ఆ పేటను కూల్చినవారు మొదట చెప్పిన మాట, అది మురికివాడ, చూడదగినది కాదు, ఉండదగినది కాదని. అట్టి పేటలు చూడదగినవని అంతకు అర్ధశతాబ్దము ముందే ఒక డచ్చివాడు నిశ్చయించి, వానలో కూర్చుండి నిరూపించెను. ఆ నిరూపణము పేటను కాపాడలేదు. కూల్చినవారి మాట అబద్ధమనుటకు సాక్ష్యముగా మాత్రము నిలిచినది.

గ్రెగ్వార్ బూన్‌జాయర్ 2005 ఏప్రిలులో హెర్మానస్ చేరువనున్న ఓన్‌రస్ అను సముద్రతీరపు గ్రామమున మరణించెను. అప్పటికి జాతివివక్షా ప్రభుత్వము పోయి పదునొకండేండ్లు. డిస్ట్రిక్ట్ సిక్స్ జ్ఞాపకార్థము అక్కడి పాత ప్రార్థనాలయములో మ్యూజియము వెలసియుండెను. వెడలగొట్టబడిన వారిలో కొందఱు తిరిగివచ్చుట ఆరంభమైనది.

వెనింగ్ కేపు వీధులలోను, ఆయన తరువాత గ్రెగ్వార్ డిస్ట్రిక్ట్ సిక్స్‌లోను పెట్టె తెఱచి కూర్చున్నపుడు వారినెవ్వరును అడ్డగింపలేదు. ఎక్కడ కూర్చుండి దేనిని చూడవలెనన్నను వారికి అనుమతి యక్కఱలేకపోయెను. అదే దేశమున, వారికి సమకాలికుడై, జోహాన్నెస్‌బర్గులోని యొక ధనికుని ఇంట తోటమాలిగా పనిచేయుచు, ఇంటికి రంగువేయగా మిగిలిన డబ్బాలతో ప్రకృతి దృశ్యములు చిత్రింప మొదలిడి, 1931 లో జాతీయ చిత్రశాలలో తన పటములను ప్రదర్శించిన తొలి నల్లజాతీయుడైన మోజెస్ ట్లాడికి ఆ స్వేచ్ఛ లేదు. పైన చెప్పిన శాసనము ఆయన యింటిని, తోటను సైతము లాగికొన్నది. ఆయన కథను వచ్చే సంచికలో వ్రాసెదను.

(సశేషము)